బేరం రాని సుగుణ

తిరువూరు,
12 జూన్ 2025

ఒరేయ్ వినయ్‌గా,

నువ్వు కులాసాగానే ఉంటావు. ఏసీ గదిలో కూర్చునేవాడికి కులాసాకేం తక్కువ? మేం ఎలా ఉన్నామో చెప్తా, విను.

ముందు ఈ కాగితం సంగతి. మొన్న ఫోన్లో నువ్వూ నేనూ అరుచుకున్నప్పుడు కొట్టు నిండా జనం. నేను నిన్ను తిట్టిన తిట్లకి, రెడ్డిగూడెం నుంచి పెళ్లి సామాన్ల కోసం వచ్చినవాళ్లు ముఖముఖాలు చూసుకుని బయటికి నడిచారు. దాంతో మీ అక్క తీర్పిచ్చేసింది. "బావా బావమరుదులిద్దరూ ఇక ఫోన్లో మాట్లాడుకోడానికి వీల్లేదు. ఏదన్నా ఉంటే రాసుకోండి. రాయడానికి బద్ధకమేసి సగం తిట్లన్నా తగ్గుతాయి" అంది. కోటేశ్వరమ్మ మాటకి తిరుగుందా? అందుకని ఆవకాయ జాడీతో పాటు ఈ ఉత్తరం కూడా బస్సు పార్సిల్లో వేస్తున్నా. నూనె అంటితే నన్ననకు.

ఇక నువ్వు పంపిన సుగుణ గురించి. కొట్లో కూర్చుని, వచ్చినవాళ్లతో తెలుగులో మాట్లాడి, స్టీలు సామానంతా అమ్మిపెట్టే తెలివైన మిషనన్నావు. పాలడబ్బా అంత ఉంది, నెత్తిన నీలం లైటు. గుమ్మంలో నీడ పడితే చాలు, "నమస్కారం, నేను సుగుణని, మీకు ఏ విధంగా సహాయపడగలను?" అంటుంది. కరెంటు బిల్లు ఇచ్చేవాడికీ అదే, వాడి వెనకొచ్చిన కుక్కకీ అదే. కుక్క ఇప్పుడు మా వీధిలోకే రావట్లేదు.

నిన్న పెనుగొలను నుంచి నాగేంద్రమ్మ వచ్చింది. మిరపతోట ఆసామి, మా నాన్న నాటి గిరాకీ. ఆవిడ ఒక బిందె కొనాలంటే పొద్దున బస్సులో దిగి మధ్యాహ్నం దాటాక గానీ తిరిగి ఎక్కదు. బిందెని తట్టి చూస్తుంది, ఎండలో పట్టి చూస్తుంది, నన్నూ మా నాన్ననీ కలిపి తిడుతుంది, గుమ్మం దాకా వెళ్లి వెనక్కొస్తుంది, అప్పుడు కొంటుంది. నిన్న నేను కొట్లో లేను. "ఏంటీ ధర, తగ్గించు" అందిట. నీ సుగుణ వెంటనే "తప్పకుండా అండి, మీకోసం తగ్గించాను" అందిట. నాగేంద్రమ్మ బిందె కింద పెట్టేసి, "అడగ్గానే తగ్గించిందంటే దీనికి ఎక్కడో చిల్లుంది" అని పక్క కొట్టుకెళ్లి, ఎక్కువ పెట్టి మరీ కొనుక్కుంది. పక్క కొట్టువాడు నన్ను చూసి నవ్విన నవ్వు నీకు వీడియో తీసి పంపాల్సింది.

దీన్ని ఎవరడిగార్రా? నేనడిగానా, నాగేంద్రమ్మ అడిగిందా, కుక్క అడిగిందా? పట్టుకుపో.

మీ అక్కని చేసుకున్న పాపానికి నిన్ను కూడా భరిస్తున్న
పుల్లయ్య


హైదరాబాద్,
19 జూన్ 2025

గౌరవనీయులైన బావగారికి,

వినయ్ నమస్కారాలు. ఆవకాయ అందింది. ఉత్తరానికి నూనె అంటింది గానీ, తిట్లు మాత్రం స్పష్టంగానే కనిపించాయి.

అడిగితే తగ్గించమని మేమే నేర్పాం బావగారూ. ధర తగ్గిస్తే ఎవరైనా సంతోషిస్తారని మీటింగులో అందరం ఒప్పుకున్నాం. తగ్గించినందుకు అనుమానపడేవాళ్లు ఉంటారని ఒక్కరికీ తట్టలేదు.

మీకు ఫోన్లో చెప్పబోయి గొడవలో చెప్పలేకపోయిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. తెలుగు విభాగాన్ని కంపెనీ నా చేతికిచ్చింది. చిన్న ఊళ్లలో మామూలు జనం ఇలాంటి మిషన్లు నిజంగా కావాలనుకుంటున్నారా లేదా, అదే మా పైవాళ్ల ప్రశ్న. సుగుణ ముందు జనం ఎంతసేపు నిలబడి మాట్లాడుతున్నారో అదే లెక్కేసి, గ్రాఫు గీతగా మాకు పంపిస్తుంది. దసరాలోగా ఆ గీత లేవకపోతే విభాగం మూసేస్తారు, నా ఉద్యోగం పోతుంది. శ్రీలలిత ఈమధ్యే తన ఉద్యోగం మానేసింది. మా పాప మేఘనని కొత్త స్కూల్లో చేర్చాం. మిగతా ఊళ్లలో కొట్లవాళ్లు సుగుణని తీసి అటక మీద పడేశారు. మీ కొట్టొక్కటే మిగిలింది.

దయచేసి దాన్ని తీసెయ్యకండి. జనాన్ని కాసేపు దాని ముందు నిలబడనివ్వండి, చాలు. నా పెళ్లిలో మీరు మా మామగారి కాఫీలో ఉప్పు కలిపినట్టు ఇందులో మాత్రం ఏమీ కలపొద్దు.

అక్కకి మా ముగ్గురి నమస్కారాలు చెప్పండి.

మీ దయ మీద ఆధారపడ్డ
వినయ్


తిరువూరు,
10 జూలై 2025

ఒరేయ్ మేధావీ,

చెంపలేసుకుంటున్నా. నీ సుగుణ బంగారం! ఏం మందేశావో గానీ ఈమధ్య దాని నోరు విచ్చుకుంది.

దేవానందం మాస్టారు రిటైరయ్యాక ఏదో ఒక వంకన మా కొట్టుకొస్తుంటాడు. మొన్న మాడిపోయిన కుక్కరు పట్టుకొచ్చి, "గ్యారంటీ ఉందిగా, మార్చివ్వండి" అన్నాడు. సుగుణ ఊరుకుందా? "మాస్టారూ, గ్యారంటీ కుక్కరుకి. దాన్ని పొయ్యి మీద పెట్టి పేకాటకెళ్లిన మనిషికి కాదు" అంది. జనం పడీపడీ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, "నీకు చదువు చెప్పిందెవరే?" అని దాంతో చాలాసేపు పోట్లాడి, చివరికి ఒక మూకుడు కొనుక్కెళ్లాడు.

నాగేంద్రమ్మ కూడా మళ్లీ వచ్చింది. "తగ్గించు" అంది. "తగ్గించను. పోయినసారి పక్క కొట్లో ఎక్కువ పెట్టి కొన్నారుగా, వెళ్లి అక్కడే అడగండి" అంది సుగుణ. ఆవిడ ముఖం వెలిగిపోయిందిరా! కొంగు నడుముకి బిగించి మొదలెట్టింది. రెండు బస్సులు వదులుకుంది. ఇప్పుడు పెనుగొలను నుంచి ఆడవాళ్లు బిందె అవసరం ఉన్నా లేకపోయినా దిగుతున్నారు. మధ్యాహ్నం పూట కొట్లో నిలబడ్డానికి చోటు లేదు.

ఒక్కటే మాట. అక్కడ కూర్చుని దానికి ఏ మార్పులూ పంపకు, చెడిపోతుంది. మీ అక్క మాత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఊరూరికే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటోంది. పంటినొప్పేమో, కనుక్కుంటా.

నీ పేరు మారుమోగిస్తున్న
బావ


హైదరాబాద్,
21 జూలై 2025

ప్రియమైన బావగారికి,

ఎలా చెప్పాలో తెలియడం లేదు. తిరువూరు గీత కొబ్బరిచెట్టులా నిటారుగా లేచింది! దాన్ని పెద్దది చేయించి మా ఆఫీసు గోడకి అంటించారు. ఏ భాషలోనూ ఏ ఊళ్లోనూ జనం ఇంతసేపు నిలబడలేదట.

అక్కడి మాటల్ని కంప్యూటరే రాసుకుని, ఇంగ్లీషులోకి మార్చి పైవాళ్లకిస్తుంది; గొంతులు మా దాకా రావు, రాతే వస్తుంది. మీ కొట్లో ఎవరో "నీ ముఖం మాడిన మూకుళ్లా ఉంది" అంటే, అది "వినియోగదారు మూకుళ్ల పట్ల ఆసక్తి చూపారు" అని వచ్చింది. బెంగళూరు నుంచి మా పెద్దసారు ఆ వాక్యాన్ని మీటింగులో చదివి వినిపించారు. ఆయనకి తెలుగు రాదు.

నాకొకటే అర్థం కావడం లేదు. దేవానందం గారి పేకాట గురించి సుగుణకి మేం చెప్పలేదు. అది తనంతట తానే ఊరి సంగతులు నేర్చుకుంటోందని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అసలు కబురు: ఆగస్టు 12న పెద్దసారూ, మా గీతాంజలి మేడమూ మీ కొట్టుకి వస్తున్నారు. మేడమ్‌ది నూజివీడు, తెలుగు బాగా వచ్చు. సుగుణని కళ్లారా చూసి, ఆంధ్ర అంతా పెట్టే పని నాకే అప్పగిస్తారట. నన్ను ఇక్కడే ఉండి ఆ పని మొదలెట్టమన్నారు. మీరేం చేయక్కర్లేదు, సుగుణని మాట్లాడనివ్వండి చాలు.

మీ రుణం తీర్చుకోలేను.
వినయ్


తిరువూరు,
27 జూలై 2025

నాయనా వినయ్,

కూర్చున్నావా? మంచినీళ్లు పక్కన పెట్టుకున్నావా?

సుగుణ గొంతు నాది.

నీ మొదటి ఉత్తరం చూశాక నాలుగు రోజులు నిజంగానే నీ మిషన్ని మాట్లాడనిచ్చా. ఒక్కళ్లు నిలబడితే ఒట్టు. నీ ఉద్యోగం పోతుందని మీ అక్క ముఖం వేలాడేసుకుంది. దాంతో నాకో బుద్ధి పుట్టింది. సుగుణ గొంతు పూర్తిగా తగ్గించేసి, బిందెలు వరసగా పేర్చి, వాటి వెనక స్టూలేసుకుని కూర్చున్నా. నోటికి స్టీలు గరాటు పెట్టుకుని ఆడగొంతుతో మాట్లాడితే అచ్చం మిషనే. నీ డబ్బా అన్నీ వింటూ లెక్కేసుకుంటూ మీకు పంపిస్తోంది. మీ కంపెనీలో తెలుగు వినేవాడు ఒక్కడూ లేడని నాకేం తెలుసు?

నిజం చెప్పాలంటే మొదట నీకోసమే చేశా. రెండోరోజు నుంచి నాకోసం చేశా. ముఖం కనపడకపోతే మాస్టార్ని ఎన్ని మాటలన్నా అనొచ్చురా! అలాంటి సుఖం మళ్లీ దొరకదు.

ఇప్పుడు మీ పెద్దలొస్తున్నారంటున్నావు. ఏం చెయ్యమంటావో త్వరగా రాయి. మీ అక్కని అడిగితే "నాకేం తెలీదు, నేను గల్లాపెట్టె దగ్గరుంటా" అంది.

గిన్నెల చాటు నుంచి
పుల్లయ్య


హైదరాబాద్,
2 ఆగస్టు 2025

బావగారూ,

ఈసారి గౌరవనీయులైన అని రాయడం లేదు.

ఆఫీసు గోడ మీద ఉన్నది మీ గరాటా? దాన్ని చూపించి నేను చప్పట్లు కొట్టించుకున్నానా? ఉప్పు కలపొద్దని రాశాను. మీరు కాఫీయే మార్చేశారు. మీ ఉత్తరం శ్రీలలితకి చూపిస్తే వంటింట్లో గోడకానుకుని నవ్వుతూనే ఉంది. ఈ ఇంట్లో ఏడ్చేది నేనొక్కణ్ణే.

రెండ్రోజులు ఆలోచించాను. ఇప్పుడు నిజం చెప్తే నన్ను ఆరోజే పంపించేస్తారు. సుగుణని మాట్లాడనిస్తే దాని ముందు ఎవరూ నిలబడరు, అప్పుడూ పంపించేస్తారు. కాబట్టి సిగ్గు విడిచి అడుగుతున్నా. ఆ ఒక్కరోజు మీరే మాట్లాడండి. మేడమ్‌కి తెలుగు వచ్చు కాబట్టి మాస్టారి పేకాట లాంటివి వద్దు. మర్యాదగా మాట్లాడండి, అదైనా మీకు చేతనైతే. తరవాత నేనే నెమ్మదిగా ఏదో ఒకటి చూసుకుంటాను.

వినయ్


తిరువూరు,
13 ఆగస్టు 2025

ఒరేయ్ వినయ్,

జరిగింది జరిగినట్టు రాస్తున్నా. మధ్యలో చింపెయ్యకు.

నిన్న పొద్దున్నే కారు దిగారు. మేడమ్ నేతచీరలో వచ్చింది, మంచి మనిషి. పెద్దసారు మోకాళ్ల దాకా ఉన్న ప్యాంటేసుకుని ఫోన్లో వీడియో తీస్తూ వచ్చాడు. నేను అప్పటికే బిందెల వెనకున్నా. అప్పుడు నాగేంద్రమ్మ దిగింది, వెనక పెనుగొలను ఆడవాళ్లంతా. సరాసరి డబ్బా ముందుకొచ్చి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏం పుల్లయ్యా, ఇవాళ గొంతు అణిగిందేంటి? పెద్దమనుషులొచ్చారనా?"

అయినా గరాటు వదల్లేదు. "నేను పుల్లయ్యని కాదండి, సుగుణని" అన్నా.

"సరేలే సుగుణా. బిందెల కింద నుంచి నీ పంచె అంచు కనపడుతోంది, లోపలికి లాక్కో."

కంగారులో కాలు లాక్కున్నా. వరస మొత్తం కూలింది. ఆ మోతకి పెద్దసారు వీధిలోకి పరిగెత్తాడు. బిందెల మధ్యలో గరాటు పట్టుకుని నేను మిగిలా.

"మీకు ముందే తెలుసా?" అన్నా.

"మొదటిరోజే తెలుసు. మిషనుకి తుమ్మొస్తుందా?" అంది నాగేంద్రమ్మ.

"మరి ఇన్నాళ్లూ ఎందుకొచ్చారు?"

"మీసాలున్నవాడివి, గిన్నెల వెనక నక్కి ఆడగొంతుతో మాట్లాడుతుంటే చూడ్డానికి టికెట్టు కూడా లేదు. ఎందుకు రాం?"

ఊరందర్నీ ఆడించాననుకున్నాన్రా. ఊరంతా కలిసి నన్నాడించింది. మాస్టారికి కూడా తెలుసుట. నా చేత ఇంకా నాలుగు తిట్టించుకోడానికే ఆ కుక్కరు మళ్లీ మళ్లీ తెచ్చేవాడుట.

మేడమ్ స్టూలు తెచ్చుకుని నాగేంద్రమ్మ ఎదురుగా కూర్చుంది. "అయితే అమ్మా, మీకు మిషనుతో మాట్లాడ్డం ఇష్టం లేదా?" అని అడిగింది.

"దాంతో ఏం మాట్లాడను తల్లీ? నేను గెలిస్తే దానికి ఉడుకుమోత్తనం రాదు. ఓడితే నాకు సిగ్గెయ్యదు. అదేం బేరం?"

"ఏ పనికీ అక్కర్లేదా?"

నాగేంద్రమ్మ రవికలోంచి ఫోను తీసింది. "ఇందులో ఇంగ్లీషులో ఏవేవో వస్తాయి. ఎవరో ఒకర్ని పట్టుకుని బతిమాలి చదివించుకోవాలి. అవేంటో చదివి చెప్పి, నోరు మూసుకునేదైతే ఇవ్వు. నమస్కారాలు అక్కర్లేదు."

మేడమ్ అదంతా రాసుకుంది. వెళ్తూ వెళ్తూ ఒక బిందె తీసి ధరడిగింది. నేను తగ్గించనన్నా. ఎండలో పట్టి చూసింది, తిట్లలో మా తాత దాకా వెళ్లింది, గుమ్మం దాటి వెనక్కొచ్చింది. పెద్దసారు కార్లో హారన్ కొడుతూనే ఉన్నాడు. చివరికి తనన్న ధరకే పట్టుకెళ్లింది.

నీ ఉద్యోగం సంగతి మాత్రం ఒక్క మాటా అనలేదురా. అడగాలంటే నాకు నోరు రాలేదు. రాత్రి నుంచి మీ అక్క నాతో మాట్లాడట్లేదు.

బావ


హైదరాబాద్,
20 ఆగస్టు 2025

బావగారికి,

మీ మీద కోపం పోలేదు. కానీ ఇంకెవర్ని అడగాలో తెలియక రాస్తున్నా.

పెద్దసారు జరిగిందానికి బాధపడటం లేదు. "జనం నిలబడ్డారా లేదా? గీత గీతే" అంటున్నాడు. ఆయన పైవాళ్లకి ఆ గీత తప్ప ఏమీ తెలియదు. మామూలు జనం సుగుణని కోరుకుంటున్నారని రిపోర్టు తయారైంది. తెలుగు విభాగం నాది కాబట్టి దాని మీద నేను సంతకం పెట్టాలి. పెడితే ఆంధ్ర మొత్తం నాకిస్తారు. లేదంటే విభాగం మూతపడుతుంది, నాతో పాటు పనిచేసేవాళ్లు కూడా రోడ్డున పడతారు. మేడమ్‌ని అడిగితే, "నేను విన్నది నేను రాశాను. నీ సంతకం నీ ఇష్టం" అంది.

జీవితంలో ఒక్కసారి వెటకారం లేకుండా చెప్పండి బావగారూ. నేనేం చెయ్యాలి?

వినయ్


తిరువూరు,
24 ఆగస్టు 2025

ఒరేయ్ వినయ్,

వెటకారం లేకుండా నాకు నిద్ర కూడా పట్టదు. అయినా చూస్తా.

సంతకం పెట్టావనుకో. ఊరూరా డబ్బాలు పెడతారు. వాటి ముందు జనం నిలబడాలంటే ప్రతి కొట్లోనూ బిందెల వెనక ఒక పుల్లయ్య కూర్చోవాలి. అంతమంది పుల్లయ్యల్ని ఎక్కణ్ణుంచి తెస్తావ్? ఒక్కణ్ణి కన్నందుకే మా అమ్మ బతికున్నన్నాళ్లూ చెంపలేసుకుంది.

ఇంకోటి. నేనాడింది ఆటరా. అందరికీ తెలిసి ఆడింది. నువ్వు సంతకం పెడితే అది ఆట కాదు. అందులో నవ్వేవాళ్లుండరు. కొట్టుకొచ్చి మాట్లాడి పోయినవాళ్ల చేత, వాళ్లకి తెలియకుండా, వాళ్లు అనని మాట అనిపించినట్టు. నాగేంద్రమ్మ ముఖం చూసి ఆ పని చెయ్యగలవా? నేను చెయ్యలేను. నాకే సిగ్గేసిందంటే అది ఎంత సిగ్గుమాలిన పనో ఆలోచించుకో.

నీతో ఉన్నవాళ్ల సంగతి నాకు తెలీదు. తప్పు నాది కూడా కాబట్టి పెద్దగా మాట్లాడను.

మీ అక్క ఇది చదివి ఏ మాటా కొట్టెయ్యకుండా పార్సిలెయ్యమంది.

పుల్లయ్య


హైదరాబాద్,
10 సెప్టెంబర్ 2025

బావగారికి,

సంతకం పెట్టలేదు. నాగేంద్రమ్మ గారన్నది అన్నట్టుగా, ఉడుకుమోత్తనంతో సహా నా చేత్తో ఇంగ్లీషులో రాసిచ్చాను. ఆ మాటకి ఇంగ్లీషు దొరక్క ఒక పూట పట్టింది.

విభాగం మూసేశారు. గోడ మీద గీత పీకేశారు. నాతో ఉన్నవాళ్లలో ఇద్దరికి వేరే చోట దొరికింది, అనుదీప్‌కి ఇంకా దొరకలేదు. నాతో సరిగ్గా మాట్లాడట్లేదు, తప్పు పట్టలేను. నన్ను మేడమ్ తన దగ్గర పెట్టుకుంది. జీతం తగ్గింది, పేరు ముందున్న హోదా పోయింది. ఫోన్లో వచ్చిన ఇంగ్లీషు మెసేజీ చదివి తెలుగులో చెప్పి, వెంటనే నోరు మూసుకునేది ఒకటి చెయ్యాలట. ఇన్నాళ్లూ మిషను చేత మాట్లాడించడానికి జీతం తీసుకున్నా, ఇప్పుడు ఆపించడానికి తీసుకుంటున్నా. ఇది కూడా జనానికి కావాలో వద్దో తెలియదు. ఈసారి ముందే వెళ్లి అడుగుతామంది మేడమ్.

సుగుణని వెనక్కి పంపించెయ్యండి, కంపెనీ సొత్తు. శ్రీలలిత మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది. మీ పేరెత్తితే ఇప్పటికీ నవ్వుతోంది. నిన్న నాక్కూడా కొద్దిగా వచ్చింది.

వినయ్


తిరువూరు,
16 సెప్టెంబర్ 2025

ఒరేయ్ బామ్మర్దీ,

మంచి పని చేశావు. ఇంతకంటే పొగడ్డం నాకు రాదు. అనుదీప్‌ని మాత్రం వదిలెయ్యకు. విజయవాడలో నాకు తెలిసినవాళ్లకి చెప్పి ఉంచా, ఇది వెటకారం కాదు.

డబ్బా ఇవాళ్టి బస్సుకేశా. కానీ ఇక్కడ నా గతి చూడు. బుద్ధిగా గల్లాపెట్టె దగ్గర మనిషిలా కూర్చుంటున్నా. ఎవరికీ నచ్చట్లేదు. నిన్న నాగేంద్రమ్మ పళ్లాల కోసమని వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, మీ అక్కతో "ఈయన్ని లోపలికి పంపించమ్మా, నాకు సుగుణతో పనుంది" అంది.

"సుగుణ హైదరాబాదు వెళ్లిపోయిందండీ" అన్నా.

"ఆడవాళ్లం మాట్లాడుకుంటుంటే నీకెందుకయ్యా మధ్యలో?" అంది.

మీ అక్కన్నా నా తరఫున మాట్లాడుతుందని చూశా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వెళ్లండి, గిరాకీ పోతుంది" అంది.

ఈ ఉత్తరం బిందెల వెనక స్టూలు మీద కూర్చునే రాస్తున్నా. వెలుతురు సరిగ్గా లేదు, అక్షరాలు వంకరపోతే సర్దుకో. ఉంటా మరి, మాస్టారు కుక్కరు పట్టుకుని నన్ను పిలుస్తున్నాడు.

ఇట్లు,
సుగుణ